ఫాలంగా

వోలోస్ రేవులో పడవ తలుపు
నా చిటికెన వేలి మీద మూసుకుంది.
తప్పు తలుపుది కాదు,
నేను సముద్రాన్ని చూస్తున్నాను.

ఆసుపత్రి నేలమాళిగలో పొలిక్సేనీ
నా చేతిని చల్లటి పలక మీద పరిచి
"ఊపిరి బిగబట్టక్కర్లేదు, అది ఛాతీకి" అంది.
ఇంకో ఏడాదిలో రిటైరవుతుందట.
తెర మీద నా చెయ్యి వెలిగింది.
కండ లేదు, ఉంగరం ఉంది.
పెన్సిల్ మొనతో లెక్కపెట్టింది:
బొటనవేలికి రెండు, తక్కిన వాటికి మూడేసి.
"పద్నాలుగు. ఒక్కోటీ ఒక ఫాలంగా.
చివరి వరసలో ఒకడు పడిపోయాడు, అంతే."

నా చెవికది నుదురులా వినిపించింది.
మేం కణుపులంటాం, చెరకుకున్నట్టు, అన్నాను.
చెరకు తెలీదు ఆమెకి. దుంగ తెలుసు.

ముందు అది దుంగ, అంది.
త్రికేరిలో మా నాన్న అర్గిరిస్ పడవలు కట్టేవాడు.
చలికాలం పడవని ఒడ్డుకి లాగాలంటే
కింద కొవ్వు రాసిన దుంగలు పరిచేవారు.
వాటికి ఇప్పటికీ అదే పేరు.
వెనకబడ్డ దుంగని ఎత్తుకుని
మళ్ళీ ముందుకి పరుగెత్తడం మా పిల్లల పని.
ఆదివారం దాకా నా జుట్టు గొర్రెకొవ్వు కంపు.

తర్వాతెవరికో తోచి ఉంటుంది
మనుషుల్ని కూడా అలాగే పేర్చొచ్చని.
భుజానికి భుజం ఆనించి
మూడు నిలువుల పొడవు ఈటెలు,
ఐదు వరసలవి ఒకేసారి ముందుకి పొడుచుకొచ్చి.
పక్కవాడు కదిలితే నువ్వు చచ్చినట్టే.
ఆ బారులు తెలిసిన వైద్యుడెవరో
ఒక చేతిని కోసి చూసి
ఇక్కడా నిలబడ్డారే, అనుకున్నాడు కాబోలు.
ఒక సాలెపురుగుకీ ఇదే పేరిచ్చారు,
ఎందుకో నన్నడక్కు.

బడిలో టీచరమ్మ నల్లబల్ల నిండా ఈటెలు గీసింది.
కల్నల్‌లు ఏలుతున్న రోజులు.
నాకు ఏడేళ్ళు. కంఠతా పట్టాను.
ఆ వారమే నాన్నని తీసుకెళ్ళారు.

కాసేపు టేపు కత్తిరించింది.
కత్తెర మొద్దు. రెండుసార్లు తిట్టింది దాన్ని.

బెంచీకి కట్టేసి, అరికాళ్ళ మీద, ఇనప గొట్టంతో.
దానికీ అదే పేరు.
పూర్వం కాళ్ళు కట్టేది దుంగకేగా.

పదకొండో రోజున వచ్చాడు
బూట్లు చేత్తో పట్టుకుని,
మెట్లు మోకాళ్ళతో ఎక్కాడు.
అమ్మ బేసిన్లో ఉప్పునీళ్ళు పోసింది.
నేను పాఠం అప్పజెబుదామని వెళ్ళాను:
"ఫాలంగా అంటే..."
"తెలుసమ్మా" అన్నాడు.

ఈ ఆసుపత్రిలోనే ఫొటో తీశారు.
రెండు పాదాలకీ కలిపి ఇరవై ఎనిమిది.
ఒక్కడూ పడలేదు, అందరూ వరసలోనే ఉన్నారు.
"ఏమీ లేదు" అని రాశాడు డాక్టరు.
ఆ కాగితం చేతబట్టుకుని
నాన్న గోడ పట్టుకుని నడిచాడు, చచ్చేదాకా.

అందుకేనా ఈ ఉద్యోగం, అన్నాను.
"కాదు. జీతం బాగుందని" అంది.

నాకేం చెప్పాలో తోచక
మా కర్ర గురించి చెప్పాను.
చేత పడితే దండం,
కదిలొస్తే దండు,
భుజం కిందికి దండచెయ్యి,
ఒంటి మీద పడితే దండన.
"అయితే మీదీ దుంగే" అంది, నవ్వకుండా.
"అంతేనా, ఇంకేమైనా ఉందా?"

ఇంకొకటుంది, అన్నాను.
లేచి నిలబడి రెండు చేతులూ జోడించబోయాను.
కట్టు కట్టిన చిటికెన వేలొక్కటే
వరస తప్పి
పక్కకి నిలబడింది.